దివ్వె ముందు రెసిస్టరు: టీకా తాత్పర్య సహితం

మీట నొక్కక ముందుగా మీటరెత్తి
తీగ తీగకు పొత్తును తెలిసికొనుము
దివ్వె ముందు రెసిస్టరు దించి పిదప
పిన్ను పదమూట వెలిగించు పిల్లవాడ!

అవతారిక: పద్యమూ నాదే, టీకా నాదే. కవి వేరొకడైతే ‘నా భావం అది కాదయ్యా’ అని అడ్డుపడే ప్రమాదం ఉంది. ఉద్దానంలో ఇంటర్ చదివే కుర్రాడొకడు తాత కొబ్బరితోటకు ఒక పెట్టె చేస్తానని పట్టుబట్టాడు. అది మట్టి తడి చూసి మోటారును తానే నడపాలి, తానే ఆపాలి. పార్సిల్లో, ప్రోగ్రాము రాసి నడిపే ఆర్డ్యూనో ఊనో బోర్డు దిగింది. వాడికి ప్రథమోపదేశం ఈ తేటగీతి.

ప్రతిపదార్థం: పిల్లవాడ = ఓ పిల్లవాడా (ఆడపిల్లలకూ, రిటైరైన మాస్టార్లకూ ఇదే సంబోధన వర్తించును); మీట = స్విచ్చును; నొక్కక = నొక్కకుండా; ముందుగా = మొట్టమొదట; మీటరు = మల్టీమీటరును; ఎత్తి = చేతపట్టి; తీగ తీగకు = ఒక తీగకు మరొక తీగతో గల; పొత్తును = కలయికను; తెలిసికొనుము = పరీక్షించి తెలుసుకో; దివ్వె ముందు = ఎల్‌ఈడీకి ముందు; రెసిస్టరు = నిరోధకమును; దించి = గుచ్చి; పిదప = ఆ తర్వాత; పిన్ను పదమూట = పదమూడో పిన్ను మీద; వెలిగించు = వెలిగించుము.

‘మీట నొక్కక’ అన్నది వట్టి జాగ్రత్త మాట కాదు. మల్టీమీటరును కంటిన్యుటీలో పెడితే అది తన బ్యాటరీ నుంచి కొద్దిపాటి కరెంటు పంపి, దారి దొరికితే కుయ్‌మంటుంది. బోర్డులో అప్పటికే కరెంటు ఉంటే ఆ కూతను నమ్మలేం. ఒక్కోసారి మీటరే పోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటింది మా పలాస దగ్గరే. ఆ గాలికి స్తంభాలు ఒరిగిన ఊళ్ల వాళ్లకు, తీగ చచ్చిందో బతికిందో చూడందే ముట్టుకోరాదని వ్యాఖ్యాత చెప్పాలా?

ఇక్కడ తాతగారి పూర్వపక్షం: “ఒరే బావూ, దీపం ఎలగడానికి ఇంత సదువు కావాలేటి? సిచ్చేత్తే ఎలగదేటి?” వెలుగుతుంది తాతా, ఒక్కసారి! ఎర్ర ఎల్‌ఈడీ తీసుకునేది సుమారు 2 వోల్టులు, పిన్ను ఇచ్చేది 5. మిగిలిన 3 వోల్టులను ఎవరో ఒకరు మోయాలి. 220 ఓమ్‌ల రెసిస్టరు (ఎరుపు, ఎరుపు, గోధుమ చారలది) మోస్తే 13.6 మిల్లీఆంపియర్ల దగ్గర కరెంటు ఆగుతుంది. పిన్ను నుంచి 20 లాగితే మర్యాద, 40 దాటితే చిప్పుకే చేటు.

‘ముందు’ అనే మాట మీద పండితుల్లో పేచీ ఉంది. రెసిస్టరు ఎల్‌ఈడీ పొడుగు కాలు వైపే ఉండాలని ఒక పక్షం, పొట్టి కాలు వైపు ఉన్నా దోషం లేదని మరో పక్షం. రెండో పక్షమే సిద్ధాంతం. తోటలో పైపుకు గేటు వాల్వు మొదట బిగించినా చివర బిగించినా పారే నీరు ఒకటే కదా. కవి ‘ముందు’ అన్నది గణాల కోసం.

మరి పద్యంలో సోల్డరింగు ఊసే లేదేం? ‘పొత్తు’లో ధ్వనిస్తోందని నా మనవి. బ్రెడ్‌బోర్డు మీద గుచ్చిన తీగలు బల్ల మీద బాగానే ఉంటాయి. తోటకు పంపితే ఉద్దానం ఉప్పుగాలికి ఆ పొత్తులు నాలుగు నాళ్లు నిలవవు. అప్పుడు చిల్లుల బోర్డు మీద టంకం వేయాలి. 60/40 తగరం-సీసం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. పిల్లలు ఆ సీసాన్ని ఐరన్ మొన మీద కరిగించి మోసుకొచ్చి అంటిస్తారు. అది అపప్రయోగం. ఐరన్‌తో ముందు బోర్డు రాగినీ, తీగ కాలునూ కలిపి వేడి చేయాలి. సీసాన్ని ఆ వేడికి అందించాలి, ఐరన్‌కు కాదు. మెరుస్తూ కాలును అల్లుకుంటే పొత్తు కుదిరినట్టు. మసకబారి ఉండ కట్టిందా, మళ్లీ వేడి చేయాల్సిందే. ఆనక స్పిరిటుతో ఫ్లక్సు తుడిచి, పైన వార్నిషు పూయాలి. వార్నిషు అంటే గుర్తొచ్చింది: పలాసలో జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె చేతిని కాల్చే రకం. అయినా ఇన్సులేషన్ వార్నిషులకు అదీ ఒక ముడిసరుకే. ఇది అప్రస్తుతమే, కానీ ఊరి గొప్ప చెప్పుకోని వ్యాఖ్యాత ఎవడు?

పిన్ను పదమూట: ఊనోలో 0 నుంచి 13 దాకా 14 డిజిటల్ పిన్నులు. కడపటిదానికి బోర్డు మీదే చిన్న దీపం ఉంది గనక గురువులంతా అక్కడే ఓనమాలు దిద్దిస్తారు. ఆర్డ్యూనో 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్లో పుట్టింది. పేరు అక్కడి ఒక బారుది. బారు పేరేమో 1002లో ఇటలీకి రాజైన ఆర్డ్యూనుడిది. మన రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి ఇరవై ఏళ్ల ముందటి మాట.

తాత్పర్యం: ఓ పిల్లవాడా, కరెంటు ఇవ్వకముందే తీగలన్నీ మీటరుతో సరిచూసుకుని, ఎల్‌ఈడీకి రెసిస్టరు తోడిచ్చి, ఆపైన వెలిగించు.

విశేషం: మోటారు ఇంకా దూరం. దానికి స్విచ్చుగా పెట్టే 5 వోల్టుల చిన్న రిలే కాయిలు సుమారు 70 మిల్లీఆంపియర్లు అడుగుతుంది. పిన్నుకు అంత శక్తి లేదు గనక నడుమ ట్రాన్సిస్టరు కావాలి. రిలే ఆగేటప్పుడు కాయిలు ఎదురు తంతుంది. ఆ తన్ను కాయడానికి 1ఎన్4007 డయోడును తిరగేసి పెట్టాలి. రిలేకు అవతల, స్టార్టరు వైపున్న తీగలు కుర్రాడివి కావు. లైన్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌వి.

పాఠాంతరం: వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు కొన్నవాళ్లు ‘పిన్ను రెండున వెలిగించు’ అని చదువుకుంటారు. గణాలు చెడవు, యతి చెదరదు. అయితే ఆ బోర్డుల్లో చాలావాటి మీది నీలం దీపం పిన్నుకు సున్నా ఇస్తే వెలుగుతుంది, ఒకటి ఇస్తే ఆరుతుంది. కాబట్టి ‘వెలిగించు’ అని పద్యం చదువుతూ ప్రోగ్రాములో మాత్రం ఆర్పమని రాయవలెను.