‘ఇంజన్ దించాలండీ’: టీకా తాత్పర్య సహితం

మూలం: “పికప్ లేదండీ, ఇంజన్ వీకయింది, దించాలి.”

అవతారిక. షెడ్లలో గురుశిష్య పరంపరగా వస్తున్న ఈ సూత్రానికి సందర్భం కార్బొరేటర్ కాలపు మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ బండి తయారీ 2014 జనవరిలో ఆగింది. ఇంజన్ 796 సీసీ, సిలిండర్లు మూడు. నలుగురెక్కి ఘాట్ రోడ్డు పడితే సెకండ్ గేరులోనూ రొప్పుతోందని యజమాని మొర. మెకానిక్ బానెట్ ఎత్తనైనా లేదు. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి, చెవి ఒగ్గి, అరమోడ్పు కళ్ళతో సూత్రం పలికాడు.

ప్రతిపదార్థం. సులభం కనుక విడిచిపెట్టడమైనది. ‘దించాలి’ అన్నచోట మాత్రం కర్త మెకానిక్, కర్మ ఇంజన్, కర్మఫలం యజమానిది.

విశేషం. ఇక్కడ తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టును తలవక తప్పదు. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహించడం తర్కంలో ఓనమాలు. పొగ ఉన్నచోట నిప్పు తప్పదు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనడం మాత్రం కుదరదు: ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగేదీ? పొగ రావాలంటే తడి కట్టె తగలాలి. నైయాయికులు ఆ తడి కట్టె పొందునే ఉపాధి అన్నారు. సైలెన్సర్ వెనక నిలబడితే ఈ చర్చ మరీ రుచిస్తుంది. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ: చోక్ తెరుచుకోవడం లేదు, లేదా ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది. నీలిపొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇందులో అవాంతర భేదం ఉంది: పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గుప్పున వచ్చి ఆగితే వాల్వు సీళ్ళ మీద అనుమానం, బరువు లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగుల మీద. బండి బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ తీపి వాసనతో వస్తుంటే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోంది, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. పూర్వులు పొగను ఒక్కటిగానే లెక్కించారు. రంగుల భేదం కూడా పట్టించుకొని ఉంటే శాస్త్రం ఇంకో మూడు సంపుటాలు పెరిగేది, చదువుకునే పిల్లల గతి ఏమయ్యేదో.

ఎక్కడున్నాం? సూత్రం దగ్గర.

దోషవిచారం. మెకానిక్‌గారి అనుమానానికి అవయవాలు ఐదూ ఉన్నాయి. ప్రతిజ్ఞ: ఇంజన్ పోయింది. హేతువు: పికప్ లేదు కనుక. ఉదాహరణ: పోయిన వారం వచ్చిన లాయరుగారి బండి. ఉపనయం: మీదీ అలాగే లాగట్లేదు. నిగమనం: అడ్వాన్సు ఇచ్చి వెళ్ళండి. దోషం సవ్యభిచారం, అంటే ఇంజన్ నిక్షేపంగా ఉన్నచోట కూడా ఈ హేతువు తిరుగుతోంది. క్లచ్ ప్లేటు అరిగినా పికప్ ఉండదు: టాప్ గేరులో తొక్కితే ఇంజన్ అరుపు పెరుగుతుంది, వేగం పెరగదు. బ్రేకు పట్టేసినా ఉండదు: జాకీ మీద ఎత్తి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. కాళ్ళకింది రబ్బరు మ్యాటు మడతపడి పెడల్‌కు అడ్డొచ్చినా ఉండదు. లోపల ఒకరు పూర్తిగా తొక్కి పట్టుకుంటే, బయట ఇంకొకరు కార్బొరేటర్ పక్కన కేబుల్ లాగే లివర్ చివరిదాకా తిరుగుతోందో లేదో చూడాలి. అర నిమిషం పని. ఆ లివర్ చుట్టూ అట్టకట్టిన జిడ్డుమట్టి చూస్తే చాలు, అక్కడ ఎవరూ వేలు పెట్టలేదని తెలుస్తుంది.

మెతుకుసీమ కొల్చారం వాడంటున్న మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి మరీ వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ఆ మాట షెడ్డు ఎస్టిమేటు కాగితం నెత్తిన అచ్చు వేయించాలి. రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు, వాటర్ పంపు, ‘ఇతరములు’: అన్నీ ఉంటాయందులో. కంప్రెషన్ చూసినట్టు ఒక్క అంకె ఉండదు.

ఒళ్ళు మండేది అక్కడే. ప్లగ్గులు మూడూ విప్పి, గేజి బిగించి, యాక్సిలరేటర్ తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే అంకె వస్తుంది. మూడు సిలిండర్లకూ దాదాపు ఒకే అంకె రావాలి. ఒకదానిలో తగ్గితే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. అంకె లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు. పక్కపక్క రెండూ తగ్గితే గ్యాస్కెట్. మూడూ బాగుంటే దించే ప్రసక్తే లేదు: ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, పెట్రోలు ఫిల్టర్, కార్బొరేటర్ జెట్లు చూసుకోవాలి. ఫిల్టర్ల ఖర్చు వందల్లో, ఇంజన్ పని వేలల్లో.

పూర్వపక్షం. “చూసినందుకు డబ్బులెవరిస్తారండీ?” అంటాడు మెకానిక్. దీనికి జవాబు చెప్పడం కష్టం. గంటసేపు వెతికి మ్యాటు సర్ది పంపితే “ఈ మాత్రానికి డబ్బులా?” అని కస్సుమనే యజమానే, విప్పిన ఇంజన్ బల్లమీద పరిచి ఉంటే మారుమాట లేకుండా నోట్లు లెక్కపెడతాడు.

తాత్పర్యం. దించకముందే మూడు సిలిండర్ల అంకెలు కాగితం మీద రాయించుకోవాలి. చూసిన కూలి విడిగా ఇవ్వాలి. మార్చిన రింగులు చేతికి అడగాలి. “పాతసామాన్లవాడు పట్టుకుపోయాడండీ” అన్న జవాబు ఈ సూత్రంలో ప్రక్షిప్తమని కొందరు, కాదు, మొదటినుంచీ మూలంలోనే ఉందని కొందరు.