తగ్గిన గుర్రాలు ఎనిమిది

2024 మే 9న నాలుగో తరం మారుతి సుజుకీ స్విఫ్ట్ మార్కెట్లోకి దిగింది. మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు. ఆ నాలుగు రోజులూ విశాఖపట్నంలో ఏ టీ బడ్డీ దగ్గర నిలబడ్డా "ఈసారి ఎవరొస్తారంటావు?" అన్నదే ప్రశ్న. కూర్మన్నపాలెంలో మా మావగారి వరండాలో మాత్రం దానికి "వీఎక్స్‌ఐ వచ్చేలా ఉంది, జెడ్‌ఎక్స్‌ఐ కొంచెం కష్టం" అని జవాబొచ్చేది. పక్కింటాయన ఈ కారు వేరియంట్ల పేర్లని ఆఖరి నిమిషంలో పుట్టిన కొత్త పార్టీలనుకుని, గుర్తులేమిటని కూడా అడిగాడు.

మా మావగారు ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. 2011లో రెండో తరం స్విఫ్ట్ రాగానే డీజిల్ బండి కొన్నారు. దానికి ఏపీ 31 నంబరు. 2019లో రాష్ట్రమంతా కలిపి ఏపీ 39 అని ఒకే సిరీస్ పెట్టాక ఆయన నెల్లాళ్లు మామూలు మనిషి కాలేదు. "ఇక హైవే మీద మనూరి బండి కనబడితే హారన్ ఎలా కొట్టాలి?" అనేవారు. 2020లో డీజిల్ స్విఫ్ట్ ఆపేశారని తెలిశాక తన బండి మీద ప్రేమ ఇంకా పెరిగింది. ఆ ఇంజను చప్పుడు వినకపోతే ఆయనకి తెల్లారదు. ఆ చప్పుడుకి వీధిలో ఇంకెవరికీ నిద్ర ఉండదు.

అలాంటాయన కొత్త బండి అన్నారంటే అది ఇంట్లో వాళ్లంతా కలిసి తెచ్చిన ఒత్తిడి. అందులో నా పాత్ర అల్లుడి పాత్ర. అంటే అభిప్రాయం అందరికన్నా ముందు అడుగుతారు, లెక్కలోకి మాత్రం తీసుకోరు.

కొత్త తరం స్విఫ్ట్ వచ్చినప్పుడల్లా వినబడే మాట "స్పోర్టీ". 2005 మేలో మొదటిది వచ్చినప్పుడు ఆ మాట చెల్లింది. గుండ్రటి ముక్కు, కండపట్టిన భుజాలు, 1.3 లీటర్ల ఇంజను, 87 గుర్రాల బలం, 3 లక్షల 87 వేల నుంచి ధర. చిన్న కారంటే పెట్టెకి బిగించిన నాలుగు చక్రాలనుకునే కుర్రాళ్లు దాన్ని చూసి మొదటిసారి ఇంట్లో అలిగారు. 2011 ఆగస్టులో రెండోది, 2018 ఫిబ్రవరిలో మూడోది వచ్చాయి. 2021లో ఆ మూడోదానికే మెరుగులు దిద్ది 90 గుర్రాలు కట్టారు. నాలుగో తరంలో నూరు దాటుతుందని బెంగళూరులో ఉన్న మా బావమరిది స్నేహితులందరికీ ముందే చెప్పుకున్నాడు.

తీరా వచ్చింది 82.

నాలుగు సిలిండర్ల ఇంజను తీసేసి మూడు సిలిండర్లది పెట్టారు. పందొమ్మిదేళ్ల కిందటి తాతగారికన్నా మనవడికి ఐదు గుర్రాలు తక్కువ. "బావా, ఎనిమిది గుర్రాలు ఏమైపోయాయి?" అని వాడు వీడియో కాల్‌లో నన్ను నిలదీశాడు, రాత్రి కట్టు విప్పి నేనే తోలేసినట్టు. నేను నోరు తెరిచేలోగా మావగారు ఫోన్ లాక్కున్నారు. మాన్యువల్ బండికి లీటరుకి 22.38 కిలోమీటర్లున్న మైలేజీ 24.80 అయిందని ఆయన పేపర్లో అప్పటికే గీత గీసి పెట్టుకున్నారు. "ఎనిమిది గుర్రాల దాణా మిగిలింది కదరా!" అన్నారు. వాడు ఫోన్ పెట్టేశాడు.

నన్నడిగితే ఆ కంపెనీ వాళ్లకి మన ఇళ్ల సంగతి బాగా తెలుసు. కారు నడిపేది ఒక్కడే. గెలిపించాల్సింది మాత్రం ఇంటిల్లిపాదీ. అందుకే నాలుగో తరం స్విఫ్ట్‌ని వాళ్లు ఇంజనీర్ల చేత కాక మేనిఫెస్టో కమిటీ చేత గీయించారని నా గట్టి నమ్మకం. కుర్రాడికి పదునైన దీపాలు, నల్ల గ్రిల్లు. తండ్రికి మైలేజీ. తల్లికి ఆరు ఎయిర్‌బ్యాగులు. అదీ అన్ని వేరియంట్లకీ, కింద మోడలు కొన్నా సరే. ఆ ఎన్నికల్లో ఒక పక్షం వాళ్లు "సూపర్ సిక్స్" అని ఊరూవాడా మోగిస్తున్నారు కాబట్టి మా అత్తగారికి ఆ అంకె వెంటనే ఎక్కింది. రెండో పక్షాన్ని నొప్పించకుండా తొమ్మిది అంగుళాల తెర కూడా ఉంది, నవరత్నాల వాళ్ల కోసం. కాకపోతే ఆ తొమ్మిదీ అన్నిటికన్నా పై మోడలుకే. మధ్య మోడళ్లవాళ్లకి ఏడంగుళాలతో సరి. అన్నిటికన్నా కిందవాళ్లకి అసలు తెరే లేదు. అర్హుల జాబితాలో పేరు లేదన్నమాట.

ఇక మూడు సిలిండర్లు. ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితమన్నది కూడా ఆ సూపర్ సిక్స్‌లో ఒకటి. "కారుతో మూడు సిలిండర్లు ఇస్తన్నారంట" అని మా మావగారి తల్లి, అంటే మా ఆవిడ మామ్మ, పనిమనిషితో చెబుతుంటే విన్నాను. దిద్దడానికి నాకు మనసొప్పలేదు. ఇంటికొక ఓటు అలా పడుతుంటే ఎవరు కాదంటారు?

ఆ మామ్మ ఓటుకి అసలు కారణం వేరే. 2018 నాటి మూడో తరం స్విఫ్ట్‌కి వెనక తలుపు పిడిని తలుపు మీంచి తీసి, పైన అద్దం పక్కన నల్లటి మూలలో దాచారు. దూరం నుంచి రెండు తలుపుల స్పోర్ట్స్ కారులా కనబడాలని ఆ ఏర్పాటు. మా తోడల్లుడికి ఆ బండే ఉంది. పెళ్లికి తీసుకెళ్లడానికి వస్తే, మామ్మ పట్టుచీర కట్టుకుని ఎండలో బండిని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తడిమింది. "ఏట్రా, తలుపు పెట్టడం మర్చిపోయీసారా?" అంది. లోపల కూర్చున్నవాళ్లంతా తలో దిక్కూ వేలు చూపించారు కానీ ఒక్కరూ దిగలేదు. కొత్త స్విఫ్ట్‌లో పిడి మళ్లీ తలుపు మీదికే వచ్చింది. ప్రపంచంలోని మోటారు పత్రికలు ఈ మార్పుని ఎలా వర్ణించాయో గానీ మామ్మ మాత్రం "బుద్ధొచ్చీసింది" అని ఒక్క మాటలో తేల్చేసింది.

శనివారం షోరూమ్‌కి వెళ్లాం. బుకింగుకి 11 వేలు. ఎన్నికల కోడ్ మూలంగా 50 వేలకి మించి నగదు ఉంటే తనిఖీలో లెక్క చెప్పాలి కాబట్టి, దారి పొడుగునా మావగారు 11 వేలని 50 వేలలోంచి తీసేస్తూ ధైర్యం తెచ్చుకున్నారు. సేల్స్ కుర్రాడు మెడలో టై బిగించుకుని "స్పోర్టీ స్టాన్స్ సార్, అగ్రెసివ్ ఫ్రంట్ సార్" అని మొదలెట్టాడు. మావగారు వినలేదు. ముందుకెళ్లి తలుపు మీద వేలి కణుపుతో టకటక కొట్టి, చెవి పెట్టారు.

"ఇది ఎక్కడి స్టీలు బాబూ?"

కుర్రాడు తెలివైనవాడు. మనిషినీ, మాటతీరునీ చూసి ఊరి పేరు పట్టేశాడు. "మన వైజాగ్ స్టీలే సార్!"

అంతే. ఆ తర్వాత అరగంట షోరూమ్‌లో అమ్మకాలు ఆగిపోయాయి. మన ప్లాంటులో తయారయ్యేవి ఇనుప కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానళ్లు, రౌండ్లు. అన్నీ పొడుగు సరుకు. కారు ఒంటికి కావాల్సింది చదును రేకు. దానికి వేరే రోలింగు మిల్లు కావాలి. "మేం రేకు చెయ్యం బాబూ. ఇల్లు కట్టుకో, మాది. వంతెన కట్టుకో, మాది. కారు తలుపు మాది కాదు" అని మొదలుపెట్టి, 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ప్రాణాలిచ్చిన 32 మంది దగ్గరికీ, 1971 జనవరిలో ఇందిరాగాంధీ వేసిన పునాదిరాయి దగ్గరికీ, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు ఫర్నేసులకీ ఆడపేర్లు పెట్టిన వైనం దగ్గరికీ వెళ్లారు. 2021లో ప్లాంటుని అమ్మేస్తామన్న కబురు దాటి, కూర్మన్నపాలెం కూడలిలోని దీక్షా శిబిరం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. కుర్రాడు టై వదులు చేసుకుని కాఫీ తెప్పించాడు. నాకు వాడి మీద గౌరవం అప్పుడు కలిగింది.

రంగు దగ్గర ఇంకో చిక్కు. ఎన్నికల వారంలో ఆంధ్రదేశంలో రంగు అనే పదార్థం స్వచ్ఛంగా దొరకదు. నీలం తీసుకుంటే ఒక పార్టీ. ఈ తరంతో కొత్తగా వచ్చిన నారింజ తీసుకుంటే ఇంకొకటి. ఎరుపు తీసుకుంటే యూనియన్ నాయకుడు మళ్లీ నిలబడుతున్నాడేమోనంటారు. పసుపు అసలు లేదు, కంపెనీ తటస్థమో, వ్యతిరేకమో తెలీదు. తెలుపు తీసుకుంటే ట్యాక్సీ అనుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చెయ్యెత్తుతారు. చివరికి మాగ్మా గ్రే అన్నారు. అదైనా మావగారు ఊరికే వదల్లేదు. "అన్నపూర్ణని ట్యాప్ చేసినప్పుడు వచ్చి చూడు బాబూ, కరిగింది ఏ రంగులో ఉంటుందో!" అని కుర్రాడికి ఆహ్వానం ఇచ్చాకే సంతకం పెట్టారు.

ఆ కుర్రాడు మేం అడగకుండానే మర్యాదగా అండర్ కోటింగ్ కూడా రాసేశాడు. దాని మీద మాత్రం ఎవరూ బేరమాడలేదు. ఈ ఊళ్లో ఒక కొసన ఇనుము పుడుతుంది, ఇంకో కొసన ఉప్పుగాలి దాన్ని తింటూ ఉంటుంది. బీచి రోడ్డులో ఫ్లాటున్నవాడు గర్వంగా చెప్పుకునే సముద్రపు గాలి, వాడి కారు అడుగుభాగాన్ని అడిగితే వేరే కథ చెబుతుంది.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం సాయంత్రం పెట్టుకోవడం బావమరిది ఆలోచన. రాత్రి బస్సులో ఓటెయ్యడానికి దిగాడు, పనిలో పనిగా బీచి రోడ్డులో నూటికి ఎన్ని సెకన్లలో వెళ్తుందో కొలుస్తానన్నాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నా చేతికిచ్చాడు. ఆర్కే బీచ్ దగ్గర మురీ మిక్చర్ బళ్లు, గుర్రం స్వారీ పిల్లలు, సెల్ఫీలు దిగే ఒడిశా యాత్రికులు, ఓట్లకి సొంతూరొచ్చిన హైదరాబాదు కార్లు. సరిగ్గా కురుసురా మ్యూజియం దగ్గర ఇరుక్కున్నాం. ఎడమపక్క ఇసకలో జలాంతర్గామి. కుడిపక్క టీయూ-142 యుద్ధ విమానం. మధ్యలో 82 గుర్రాల స్విఫ్ట్. మూడూ కదలడం లేదు. మొదటి రెంటికీ టికెట్టు పెట్టారు, అంతే తేడా. బావమరిది ఖాళీగా ఉన్న ఇంజనుని ఒకసారి బుర్రుమనిపించాడు. పక్కనే ఉన్న అసలు గుర్రం, వీపు మీద పిల్లాణ్ణి మోస్తూ, మమ్మల్ని దాటి పోయింది. స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తూనే ఉంది.

బండి ఫలితాల తర్వాత జూన్‌లో చేతికొచ్చింది. అప్పట్లో ఎక్స్-షోరూమ్ ధరలు 6 లక్షల 49 వేల నుంచి 9 లక్షల 64 వేల దాకా. దాని మీద లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, కార్పెట్టు, డోర్ వైజర్, ఇంకా పేరు తెలియని ప్లాస్టిక్ ముక్కలు. మేనిఫెస్టోకీ బడ్జెట్‌కీ ఉండే తేడా ఆన్-రోడ్ బిల్లులో కనబడుతుంది. దీన్ని ఇంతకన్నా సాగదీయను, మావగారు చదువుతారు.

విశాఖలో బండి కొంటే మొదట వెళ్లేది పెట్రోలు బంకుకి కాదు, ఆశీలమెట్ట సంపత్ వినాయకుడి గుడికి. పొద్దున్నే కొత్త బళ్లు వరసకట్టి ఉంటాయి. స్కూటరు మొదలు టిప్పరు దాకా అందరికీ ఒకటే పూజ, ఒకటే తోపులాట. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరం దగ్గర మునిగిపోయింది. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఈ వినాయకుడికి వెయ్యిన్నొక్క కొబ్బరికాయలు కొట్టించారని ఊరంతా చెప్పుకుంటారు. జలాంతర్గామినే చూసుకున్న స్వామికి గాజువాక ఆటోలు ఒక లెక్కా అని మా అత్తగారి ధీమా. ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి కదా అని బావమరిది గొణుగుతుంటే ఆవిడ నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించి, మొత్తం పది చేసింది.

తర్వాత ఏడాది, 2025 మేలో, బావమరిది దగ్గర్నుంచి మళ్లీ వీడియో కాల్. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు గోల్ఫ్ జీటీఐ తెచ్చారట. అసలైన స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్ అంటే అదేనట. ధర 53 లక్షలు. మొదటి విడత 150 బళ్లూ ధర చెప్పకముందే బుక్ అయిపోయాయట. "265 గుర్రాలు నాన్నా!"

"మన డిక్కీ కూడా 265 లీటర్లే" అన్నారు మావగారు. అది నిజమే. పాతదానికన్నా మూడు లీటర్లు తగ్గించారు కూడా. అయినా అందులో పాతిక కేజీల బియ్యం బస్తా, మాడుగుల హల్వా డబ్బాలు, అనంతగిరి నుంచి తెచ్చిన పనసకాయ పడతాయని ఆయన రుజువు చేసి ఉన్నారు. 265 గుర్రాల వాడు పనసకాయ తెచ్చాడని ఎవరైనా విన్నారా?

ఆ గొడవంతా 2025 ఆగస్టు 15న సర్దుకుంది. ఆ రోజు నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది, సిటీ బస్సులతో సహా. లీటరుకి 24.80 ఇచ్చే బండికి, అసలు లీటరే అక్కర్లేని బండి పోటీకొచ్చింది. ఒక శనివారం సింహాచలం బయల్దేరుతుంటే మావగారు గ్యారేజీలోంచి బండి తీసి, అద్దాలు తుడిచి, ఏసీ వేసి ఉంచారు. అత్తగారూ, మా ఆవిడా, కర్ర పట్టుకున్న మామ్మా ఆధార్ కార్డులు సంచిలో వేసుకుని గేటు దాటుతున్నారు.

"ఇదిగో, బండి ఇక్కడుంది!" అని అరిచారాయన.

"మీరూ అల్లుడుగారూ దాంట్లో రండి" అన్నారు అత్తగారు, బస్సుకి చెయ్యెత్తుతూనే. "పార్కింగు దొరికేసరికి ఎలాగూ పది దాటుతుంది. మేం ముందెళ్లి లైన్లో నిల్చుంటాం."