సీసా మాహాత్మ్యం

నీరసం, కీళ్ల నొప్పులు, మతిమరుపు. ఈ మూడూ ఒక్కసారే పట్టుకుంటే కారణం ఏమై ఉంటుందా అని పెద్దపెద్ద వైద్యులు బుర్రలు బద్దలు కొట్టుకుంటారు. మనకా తిప్పలు లేవు. సీసా ఉండగా కారణంతో పనేమిటి? వసారాలో మేకుకు తగిలించి, చేతికి సూది గుచ్చితే సరి. గంటన్నరలో బలం బొట్లు బొట్లుగా దిగుతుంది.

దిగే బలమెంతో చూద్దాం. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. ఇంచుమించు ఒక అరటిపండు ఇచ్చే శక్తి. ఉప్పునీళ్ల సీసా అయితే నాలుగున్నర గ్రాముల ఉప్పు, శక్తి సున్నా. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినవాడికి అది ప్రాణం పోస్తుంది, కాదనను. కానీ నాలుగు ఇడ్లీలు తిని, స్కూటరు నడుపుకుంటూ వచ్చినవాడికెందుకు? షుగరు పెరిగి నీరసపడ్డవాడికి గ్లూకోజు ఎక్కించే ఘనులూ ఉన్నారు. అయినా అరటిపండు తిన్నవాణ్ని పరామర్శించడానికి ఎవరొస్తారు? సీసా పెట్టించుకుంటే బత్తాయిలు పట్టుకుని చుట్టాలంతా వస్తారు.

ఇక అసలు కారణాలంటారా, అవి పాపం వరసలో నిలబడే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంటిల్లిపాదీ తిన్నాక అడుగూబొడుగూ తినే ఇల్లాలికి ఇనుము తక్కువైందేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు. థైరాయిడ్ మందగిస్తే నీరసం, నొప్పులు, మరపు మూడూ ఒకేసారి రావచ్చు. బి12 తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటలు గుర్తురావు. షుగరుకు ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్, కాఫీ కంటే ముందు మింగే గ్యాస్ మాత్ర ఆ బి12ను తగ్గించగలవు. చికున్‌గున్యా జ్వరం పోయినా కీళ్లను నెలల తరబడి వదలకపోవచ్చు. నల్లగొండ పల్లెల్లో ఒక తరం ఎముకలు బిగుసుకుపోయింది తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల. రాత్రంతా గురకపెట్టి ఊపిరి ఆగి ఆగి లేచేవాడికి పగలు మతి ఎక్కడుంటుంది? ఇంట్లో ఎవరూ పేరెత్తని దిగులు కూడా ఒంటినొప్పుల రూపంలోనే బయటపడుతుంది. ఇన్నిటికీ ఒకటే సీసా!

సీసాతోపాటు ఇచ్చే “నొప్పుల ఇంజక్షన్” సంగతి మరీ రసవత్తరం. చాలాచోట్ల అది స్టెరాయిడ్. పొద్దున మంచంలో మూలిగిన ముసలమ్మ సాయంత్రానికి వీధరుగు మీద కబుర్లు చెబుతుంది. “ఆయన హస్తవాసి మంచిదమ్మా” అని ఊరంతా చాటుతుంది. అదే నెలల తరబడి సాగితే మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తుంది. ఆ తర్వాత ఇంజక్షన్ ఠక్కున ఆపారనుకోండి, ఏమొస్తాయి? నీరసం, కీళ్ల నొప్పులు. దానికి మందేమిటి? ఇంకో సీసా. తన గిరాకీని తానే పుట్టించుకునే ఇలాంటి సరుకు ఏ వ్యాపారికి దొరుకుతుంది?

పల్లెవాళ్లు అమాయకులని పట్నం నవ్వనక్కర్లేదు. హైదరాబాద్ ఏసీ గదుల్లో మెత్తటి కుర్చీలో వాలి, ఫోను చూసుకుంటూ విటమిన్ల డ్రిప్పు ఎక్కించుకుంటున్నారు. ఒంటికి అక్కర్లేని సి విటమిన్, బి విటమిన్లు చాలావరకు మూత్రంలోనే పోతాయి. పల్లెలో మేకు, పట్నంలో స్టాండు. తేడా బిల్లులోనే.

అలాగని తప్పంతా ఊళ్లో సీసా ఎక్కించే ఆర్‌ఎంపీ నెత్తిన రుద్దితే అన్యాయం. అర్ధరాత్రి తలుపు కొడితే పలికేది ఆయనొక్కడే. పైగా ఆయనిచ్చేది మనం అడిగిందే. ఎప్పటినుంచి, ఏ కీలు, పొద్దున్నే బిగుసుకుంటుందా, ఏం మాత్రలు వాడుతున్నావు అని ఓపిగ్గా అడిగి, రక్త పరీక్షలు రాసి, సూది పొడవకుండా పంపిన డాక్టరు గురించి బయటికొచ్చి ఏమంటాం? “ఏమీ చెయ్యలేదండీ, ఊరికే ప్రశ్నలడిగి పంపాడు” అంటాం. ఆలోచించినందుకు ఫీజు దండగ, గుచ్చినందుకైతే గిట్టుబాటు. ఈ లెక్క మారనంతకాలం మన రోగాలకు కారణాలు దొరకవు, సీసాలే దొరుకుతాయి.