నేల విడిచిన రాళ్ళు

ఉప్పునీటి అక్వేరియంలో లైవ్ రాక్‌ను ఇప్పుడెవరూ పేర్చడం లేదు, వేలాడదీస్తున్నారు. ఒంటికాలి మీద ఒక తోరణం, దాని కొసన పలచటి పలక, పలక అంచున పగడం. కింద అంతా ఖాళీ. ఆ ఖాళీయే కళ అట. రాయి నేలకు ఎంత తక్కువ తాకితే పనితనం అంత గొప్పది. రాళ్ళు నేల విడిచి సాము చేస్తుంటే యజమాని ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడతాడు. చేపల అభిప్రాయం ఎవరూ అడిగినట్టు లేదు.

లైవ్ రాక్ అంటే చచ్చిన పగడాల సున్నపురాయి. అందులో బతికున్నవి ముఖ్యంగా రంధ్రాల్లో కాపురముండే బాక్టీరియా. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను పైపొరలోవి నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ చొరని లోపొరల్లోవి ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపుతాయి. జకార్తాలోని లీ చిన్ ఎంగ్ 1961లో తన పద్ధతిని రాసి ప్రకటించేనాటికి ఆయన ట్యాంకులో ఉన్నవి సముద్రపు రాళ్ళు, సముద్రపు నీరు, గాలి బుడగలు. తోరణాలు కట్టాలని తట్టలేదు, పాపం.

అడుగు రాళ్ళు ముందు పెట్టాలి, ఇసుక తర్వాత పోయాలి. ఇసుక మీద రాయి నిలబెడితే పిస్టల్ రొయ్య దాని కిందే బొరియ తవ్వి, గోబీ చేపతో కలిసి కాపురం పెడుతుంది. అది వాటి స్వభావం, వాటిని తిట్టి లాభం లేదు. అడుగు రాయి వెడల్పుగా, కనీసం మూడు చోట్ల ఆనేలా ఉండాలి. రెండు వేళ్ళతో ఊపితే కదిలే రాయి మీద ఇంకో రాయి ఎక్కించకూడదు.

నేలను కాదన్నాక మిగిలిన దిక్కు జిగురు. సూపర్ గ్లూ రాసి, మీద స్ప్రే కొడితే క్షణాల్లో పట్టేస్తుందని కొత్త శాస్త్రం. పట్టేస్తుంది, నిజమే. బొటనవేలంత పగడాన్ని రాయికి అంటించడానికి అది భేషైన జిగురు. కానీ గట్టిపడ్డాక పెళుసు. మెలిపడితే పుటుక్కున విరుగుతుంది. తోరణం చివరి బరువు పెట్టేది సరిగ్గా ఆ మెలే. బరువు మోయాల్సిన చోట రాళ్ళకు బెజ్జం వేసి, ఫైబర్‌గ్లాస్ కడ్డీయో యాక్రిలిక్ కడ్డీయో దూర్చి, చుట్టూ ఎపాక్సీ పుట్టీ కూరి, ఆరేదాకా ఆగాలి. కడ్డీ ఫొటోలో పడదు, అందుకే దాని మీద ఎవరికీ మోజు లేదు.

అసలు తమాషా నీళ్ళు తోడేటప్పుడు. నీట మునిగిన సున్నపురాయి బరువులో మూడో వంతుకు పైగా నీరే మోస్తుంది. నీళ్ళు మార్చడానికి సగం ట్యాంకు తోడేసరికి బయటపడ్డ రాయికి ఆ ఆసరా పోతుంది, పైగా రంధ్రాల్లో నిలిచిన నీటి బరువు తోడవుతుంది. నెలల తరబడి నిలిచిన అతుకు ఆ పావుగంటలో ఊడిరావచ్చు. పగడం పెరిగేకొద్దీ అంచు బరువూ పెరుగుతుంది. రాత్రిళ్ళు సీ అర్చిన్ సందుల్లోకి దూరి తోసే తోపుడు సరేసరి.

ఇంత తెలిసీ ఒంటికాలి తోరణాలు కట్టి అమ్ముతున్నారు. తెలియక చేస్తే పొరపాటు అనుకోవచ్చు, తెలిసి చేస్తే దుర్మార్గం. కూలినప్పుడు దాని కింద ఉండేది కట్టినవాడూ కాదు, కొన్నవాడూ కాదు, నీడకు చేరిన చేప. రాయి తగిలి అద్దం పగిలితే వందల లీటర్ల ఉప్పునీళ్ళు నట్టింట్లో, కరెంటు ప్లగ్గుల మీద. ప్రాణమున్న జీవి నెత్తిన రాయి వేలాడదీసి లైకులు ఏరుకునే హక్కు ఎవరిచ్చారు?

నేల మీద పేర్చినా రాళ్ళకూ అద్దానికీ మధ్య చెయ్యి పట్టేంత జాగా ఉండాలి, నీరు అన్ని వైపులా తిరగాలి. గోడలా పేర్చి మురికి పేర్చుకునే పాత ఫ్యాషన్‌నూ ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

పురుగులు పోవడానికి రాయిని ఉడకబెట్టమనే సలహా ఇంకొకటి. రాయికి అంటుకున్న పాలిథోవా జాతి జీవుల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. హవాయి నుంచి తెచ్చిన వాటిలోంచి దాన్ని వేరుచేసిన సంగతి 1971లోనే ప్రచురితమైంది. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. వంటింటి గిన్నెలో ఉడకబెట్టమని చెప్పే నోటికి తాళం వెయ్యాలి.

ఇక రాయి ఎక్కడిదన్న ప్రశ్న. 2001 నుంచి మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, పెద్దపులి సరసన ఉన్నాయి. మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో దిబ్బ పగలగొట్టి తెచ్చిన ముక్కను ఇంట్లో పెట్టుకోవడం నేరం. సిమెంటుతోనో సిరామిక్‌తోనో పోతపోసిన రాళ్ళు వాడి, బాక్టీరియా నాటితే కొన్ని వారాల్లో అవే పనిలోకి దిగుతాయి. ఊదారంగు నాచు పట్టడానికి మాత్రం నెలలు ఆగాలి. ఆగలేనివాళ్ళ కోసం ముందే ఊదారంగు పూసిన రాళ్ళు కూడా అమ్ముతున్నారు.