నాయన సంతకం

కడప జిల్లాలో ఒక ఊరు. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా కువైట్‌లో ఉంటారు. ఆ పిల్ల తల్లి కూడా అక్కడికి ఇంటిపనికి వెళ్లింది. నెలనెలా డబ్బు పంపుతుంది. అది తండ్రి ఖాతాలో పడుతుంది. తండ్రి ఊళ్లోనే ఉంటాడు. ఇంట్లో ఉండడు.

పిల్ల మూడో తరగతిలో ఉండగా ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని ఎదురెళ్లింది. తండ్రి అప్పుడే బండి స్టార్ట్ చేస్తున్నాడు.

"నువ్వే ఏదో ఒకటి గీకి ఇచ్చెయ్ పో" అన్నాడు.

నాయన సంతకం ఎట్లా ఉంటుందో ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. అందుకని తనే ఒకటి తయారుచేసింది. ఇంటిపేరులో మొదటి అక్షరం, పక్కన చుక్క, ఆ తర్వాత తండ్రి పేరు, పెన్ను ఎత్తకుండా. చివరి అక్షరం తోకను వెనక్కి లాగి పేరు కింద గీతగా చేసింది. గీత కింద రెండు చుక్కలు. పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రాసి రాసి చూసుకుంది. మొదట్లో అక్షరాలు ఒకదానికొకటి అంటేవి కావు. అయిదో తరగతికొచ్చేసరికి చెయ్యి తిరిగింది.

హైస్కూల్లో చేరే రోజు పక్కింటి అవ్వ తోడొచ్చింది. అప్లికేషన్ మీద సంతకం అప్పటికే ఉంది. ఆ బడిలో ఏటా నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు, రెండు సమ్మేటివ్ పరీక్షలు. ఆరుసార్లు కార్డు ఇంటికి వెళ్లేది, ఆరుసార్లూ సంతకంతో తిరిగొచ్చేది. పన్ను వాచి రెండు రోజులు బడికి రానప్పుడు తెచ్చిన సెలవు చీటీ మీదా అదే సంతకం. తల్లిదండ్రుల సమావేశం నోటీసు అందినట్టు పెట్టిందీ అదే. సమావేశానికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు.

మొదటి పీరియడ్‌లో ఆ పిల్లకు కళ్లు మూతలు పడేవి. సోమవారాల్లో మధ్యాహ్న భోజనం దగ్గర మళ్లీ మళ్లీ పళ్లెం చాపేది. వంట చేసే ఆమె అది కనిపెట్టి, అడక్కుండానే ఇంకో గరిటె వేసేది. కనిపెట్టింది ఆమె ఒక్కతే. టీచర్లు మంచి పిల్ల అనుకునేవారు. అల్లరి లేదు. కార్డు ఏనాడూ ఆలస్యం కాలేదు.

బడి గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అని పెద్ద అంకెలతో రాసి ఉంది. ఒంటి మీద వాత కనబడి ఉంటే ఎవరో ఒకరు ఆ నంబరుకు ఫోన్ చేసేవారే. 2015 బాల న్యాయ చట్టం 75వ సెక్షన్‌లో బిడ్డను కొట్టడం, కావాలని పట్టించుకోకపోవడం పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు రాసుంది. రెండోదానికి వాత తేలదు.

ఏడో తరగతిలో గండికోట విహారయాత్ర పెట్టారు. క్లాసు టీచరు ఆ ఏడే బదిలీ మీద వచ్చాడు. నిక్కచ్చి మనిషి. అనుమతి పత్రాలు తనే పంచాడు.

"పెన్నా లోయ అంచు దాకా తీసుకుపోతా మిమ్మల్ని. ఏదన్నా అయితే పూచీ నాది. ఇంట్లో చదివి వినిపించి, మీ నాయన చేతనే సంతకం పెట్టించుకురండి. దొంగ సంతకమని తెలిస్తే బస్సు ఎక్కనీయను."

ఆ రాత్రి పిల్ల వసారాలో కూర్చుంది. పదకొండు దాటాక బండి చప్పుడైంది.

"నాయనా, సంతకం."

"నువ్వే పెట్టుకోపో."

"నువ్వే పెట్టాలంట."

తండ్రి కాగితంలో ఏముందో చూడలేదు. బండి సీటు మీద ఆనించి గీశాడు. రెండు వంకర గీతలు, ఒక సున్నా. పిల్ల దాన్ని వీధి దీపం వెలుతురులో చాలాసేపు చూసింది. లెక్కల పుస్తకంలో భద్రంగా పెట్టుకుంది.

పొద్దున సారు బీరువాలోంచి కార్డుల కట్ట తీశాడు. ఒక్కొక్క పత్రాన్నీ కార్డు పక్కన పెట్టి చూస్తూ వచ్చి, ఆ పిల్ల దగ్గర ఆగాడు.

"ఎవరు పెట్టినారు ఇది?"

"మా నాయన, సార్."

సారు కార్డు తెరిచి చూపించాడు. "ఇదీ మీ నాయన సంతకం. ఆరో తరగతి నుంచీ ఒక్క చుక్క కూడా మారలేదు. ఇదేంది, కోడి గీకినట్టు?"

క్లాసంతా నవ్వింది. పిల్ల ఏదో చెప్పబోయి ఊరుకుంది.

"మంచి పిల్లవనుకున్నా" అంటూ సారు ఆ పత్రాన్ని చించేశాడు. ఇంకొకటి చేతిలో పెట్టాడు. "మధ్యాహ్నం ఇంటికి పోయి పెట్టించుకురా. లేకుంటే పేరు కొట్టేస్తా."

మధ్యాహ్నం పిల్ల ఇంటికి పోలేదు. సైకిల్ షెడ్డు వెనక్కి పోయింది. అక్షరం, చుక్క, పేరు, వెనక్కి లాగిన తోక, కింద రెండు చుక్కలు.

సారు దాన్ని కార్డు పక్కన పెట్టి చూశాడు. జాబితాలో పేరు ఎదురుగా టిక్కు పెట్టాడు. గొంతు మెత్తబడింది.

"చూసినావా, అడిగితే మీ నాయన పెట్టలేదా?"