ఇంటరాక్టివ్ మాస్టారు

మా పైవాటాలో లెక్కల మాస్టారు. కింది వాటాలో తెలుగు మాస్టారిని, నేను. ఇద్దరిదీ ఒకే స్కూలు, ఒకే ఇంటి ఓనరు, ఒకే నీళ్ల మోటారు. 2020లో బళ్లు మూసేశాక ఆయన పాఠం మా ఇంట్లో రెండుసార్లు వినబడేది. మొదట పైకప్పులోంచి. రెండు సెకన్ల తర్వాత, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి చేతిలోని ఫోన్లోంచి. "హలో, వినబడుతున్నానా?" అని పైనుంచి ఆకాశవాణి పలికేది. "...బడుతున్నానా?" అని కిందనుంచి ఫోను వంత పాడేది. మా ఆవిడ బియ్యం కడుగుతూ "పక్కవీధికి కూడా వినబడుతున్నారు మాస్టారూ" అనేది. మ్యూట్‌లోనే లెండి.

ఆయన పేరు చెప్పను. ఊరికి నలుగురైనా ఉండేవారు ఆ ఏడాది అలాంటివాళ్లు, ఎవరి పేరు పెట్టుకున్నా సరిపోతుంది. పైన చొక్కా, కింద లుంగీ అనే జోకు కూడా వేయను. మా మాస్టారు ప్యాంటు వేసుకుని, బెల్టు పెట్టుకుని, జేబులో ఎర్ర పెన్ను గుచ్చుకునే కూర్చునేవారు. దిద్దడానికి కాగితమే లేని రోజుల్లో ఎర్ర పెన్ను!

అంతకుముందు ఆయన మామూలు మనిషే. బోర్డు వైపు తిరిగారంటే బెల్లు కొట్టేదాకా ఇటు తిరిగేవారు కాదు. ఆయన మెడ వెనక పుట్టుమచ్చ ఉన్న సంగతి క్లాసంతా ఎరుగును, కళ్లజోడు ఏ రంగో మాత్రం సగంమందికి తెలీదు. అలాంటి మనిషిని ఆ వేసవి మార్చేసింది. అది వెబినార్ల జాతర సాగిన వేసవి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చివర్లో గూగుల్ ఫారం నింపితే బంగారు అంచుతో ఈ-సర్టిఫికెట్. మా మాస్టారు వాటిని పెళ్లికి చీరలు కూడబెట్టినట్టు కూడబెట్టారు. ఏ రెండింట్లోనూ ఆయన పేరు స్పెల్లింగు ఒకటి కాదు. జులై నాటికి ఆయన నోట మూడే మాటలు మిగిలాయి: ఎంగేజ్‌మెంటు, ఇంటరాక్షను, ఫీడ్‌బ్యాకు.

"పిల్లలకి ఎంగేజ్‌మెంటు చాలడం లేదండీ" అని ఒకరోజు మెట్ల మీద నిలబడి నాతో అంటుంటే, తులసికోట దగ్గర మా అమ్మ విని హడలిపోయింది. "ఎనిమిదో తరగతికే ఎంగేజ్‌మెంటేవిట్రా, కాస్త పది పాసవనీ."

దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వస్తున్నాయిగా, పిల్లలు అవీ చూస్తున్నారు అన్నాను. ఆయన జాలిగా నవ్వారు. "అది వన్ వే సార్. మనది టూ వే."

టూ వే కోసం ఆయన పడ్డ పాట్లు చూడాలి. పుణెలో ఒక కెమిస్ట్రీ టీచరు బట్టల హ్యాంగరుని గుడ్డపీలికలతో కుర్చీకి కట్టి, దానికి ఫోను బిగించి, బోర్డు మీద పాఠం చెబుతున్న ఫోటో అప్పట్లో దేశమంతా తిరిగింది. ఆవిడకి చక్కగా కుదిరింది. మా మాస్టారు వాళ్లావిడ పట్టుచీర హ్యాంగరు ఖాళీ చేయించి అదే పని చేశారు. ఉక్కపోతగా ఉందని ఫ్యాను మూడు మీద పెట్టుకున్నారు కూడా. ఫోను లోలకంలా ఊగడం మొదలెట్టింది. "సార్, త్రిభుజం ఊగుతోంది" అన్నాడొకడు. "అలాగే చూడు, అన్ని కోణాలూ కనబడతాయి" అన్నారాయన. ఇంకొకడికి కళ్లు తిరిగి వాళ్లమ్మ నిమ్మకాయ నీళ్లిచ్చింది.

ఆ జులైలోనే కేంద్రం ప్రజ్ఞాత పేరుతో మార్గదర్శకాలిచ్చింది. ఎనిమిదో తరగతి దాకా రోజుకి రెండు పీరియడ్లు, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకి తలుపు మూసేస్తుంది. అంటే చేతిలో ఉన్నది 40. అందులో హాజరుకి 9. వినబడుతున్నానాకి 4. స్క్రీను కనబడుతోందాకి 5. "ఎవరి ఇంట్లోనో మిక్సీ ఆడుతోంది, దయచేసి మ్యూట్ చేసుకోండి"కి 3. ఆ మిక్సీ ఆయన ఇంట్లోదేనని తేలడానికి ఇంకో 2. మిగిలిన 17 నిమిషాల్లో ఇంటరాక్షను జరగాలి. ఇక లెక్కలెప్పుడంటారా, నేను తెలుగు మాస్టారిని, నన్నడక్కండి.

"అర్థమైనవాళ్లు థమ్సప్ పెట్టండి" అంటే 42 బొటనవేళ్లు లేచేవి. మా అమ్మాయి జడ వేయించుకుంటూనే పెట్టేది. ఒకరోజు ఆయన "ఈ లెక్క ఎవరెవరికి రాలేదు?" అని అడిగితే దానికీ 42 లేచాయి. ఆయన సంతోషించారు, నూటికి నూరు పార్టిసిపేషన్ అని.

తర్వాత పేర్ల చక్రం వచ్చింది. తిప్పితే గిర్రున తిరిగి ఏదో పేరు మీద ఆగుతుంది, ఆ పిల్ల జవాబు చెప్పాలి. తిరునాళ్లలో రంగులరాట్నంలా బాగానే ఉండేది. అయితే అది ఆగితే మూడో బెంచి, కిటికీ పక్క పిల్ల దగ్గరే ఆగేది. ఇప్పుడు బెంచీలూ కిటికీలూ లేవు గానీ ఆ పిల్లని మేమందరం అలాగే గుర్తుపెట్టుకున్నాం. హాస్టలు మూసేస్తే గోకవరం అవతల ఊరికి వెళ్లిపోయింది. పిట్టగోడ ఎక్కితే గానీ సిగ్నలు రాదు. ఆ పిల్ల పేరు మీద చక్రం ఆగగానే క్లాసంతా ఒక్కగొంతుతో "నెట్ పోయింది సార్" అనేది. మొత్తం క్లాసు కలిసి చెప్పిన జవాబు అదొక్కటే.

కహూట్ అని నార్వే వాళ్ల క్విజ్ ఆట ఉంది. ఎంత వేగంగా నొక్కితే అన్ని పాయింట్లు. కూర్చున్న చోటే వైఫై ఉన్నవాడికి అది పండగ. పిట్టగోడ పిల్లకి ప్రశ్న చేరేసరికి ఇక్కడ విజేతకి చప్పట్లు అయిపోయేవి. ఆ పిల్ల ఎప్పుడూ 42వ స్థానమే. మొదటి స్థానం మాత్రం వరసగా వారం రోజులు కట్టప్పది. "కట్టప్పా, వెల్‌డన్, మీ పేరెంట్స్‌కి చెప్పు" అని మాస్టారు మెచ్చుకున్నారు గానీ, రిజిస్టరులో కట్టప్ప ఎవరా అని పదిహేను రోజులు వెతికారు.

బ్రేకవుట్ రూముల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పిల్లల్ని పది గదుల్లోకి పంపారు. మూడో గదిలో అంత్యాక్షరి, ఆరో గదిలో క్రికెట్ తగువు. వాటిని సర్దడానికి వెళ్లిన మాస్టారు తొమ్మిదో గదిలోంచి బయటికి వచ్చే దారి తెలియక, పైవాటా కిటికీలోంచి వంగి "అమ్మాయ్, ఇందులోంచి ఎలా రావాలే?" అని మా అమ్మాయినే అడిగారు. ఆ రోజు జరిగిన అసలైన టూ వే అదే.

ఇంతకీ ఆయన అభిమాన విద్యార్థిని మా అమ్మాయి. ఆగస్టు నెలకి మోస్ట్ ఇంటరాక్టివ్ స్టూడెంట్ సర్టిఫికెట్ దానిదే. లెక్కల్లో దాని ప్రజ్ఞ ఎరిగినవాణ్ణి కనక నేను ఆరా తీశాను. విషయం ఇదీ.

బీఈడీలో మాకు మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలి గురించి చెప్పారు. 1970ల్లో ఆవిడ తరగతి గదుల టేపులు విని లెక్కకట్టింది. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే చాలు, ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు, జవాబులూ పెద్దవవుతాయి. మా మాస్టారు సగటుకి ఏమాత్రం తగ్గరు. "పదమూడు స్క్వేర్ ఎంత?" ఒక్క సెకను. "నూట అరవై తొమ్మిది, వెరీ గుడ్." ఎవరికి వెరీ గుడ్డో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. బళ్లో అయితే అది వట్టి తొందరపాటు. ఆన్‌లైన్లో ఆ ప్రశ్న దారిలో ఉండగానే జవాబు కూడా బయల్దేరిపోయేది. కానీ పైకప్పుకి నెట్ అక్కర్లేదుగా! ఫోన్లో ప్రశ్న వినబడేలోపే మా అమ్మాయికి పైనుంచి జవాబు ఊడిపడేది. మిగతా పిల్లలు ప్రశ్న వింటూ ఉండగానే ఇది అన్‌మ్యూట్ చేసి "నూట అరవై తొమ్మిది సార్" అనేది. క్లాసంతా దీన్ని రామానుజన్ మనవరాలు అనుకుంది.

సెప్టెంబరులో ఒక మంగళవారం వృత్తం పాఠం. మాస్టారు రాత్రి రెండింటిదాకా కూర్చుని 26 స్లైడ్లు చేశారు. వృత్తం తిరుగుతుందట, రంగులు మారుతుందట, పై (π) గుర్తు ఎగురుకుంటూ వచ్చి దాని నెత్తిన కూర్చుంటుందట. తొమ్మిదింపావుకి కరెంటు పోయింది. వైఫై డబ్బా ఆరిపోయింది. ఫోన్ డేటాతో మళ్లీ లోపలికి వచ్చారు గానీ చేతిలో స్లైడ్లు లేవు, చక్రం లేదు, కహూట్ లేదు. పైకప్పులో గుటక మింగిన చప్పుడు నాకు వినబడింది.

"సరే... కరెంటొచ్చేదాకా... మీ ఇంట్లో గుండ్రంగా ఉన్నది ఏదో ఒకటి పట్టుకురండి. దారం, స్కేలు కూడా."

42 ఇళ్లలో కలకలం. మా అమ్మాయి పొయ్యి మీద మూకుడు మూత లాక్కుపోయింది. ఒకడు పళ్లెం, ఒకడు సత్తు మూత. ఒకడు చపాతీ తెచ్చాడు, దాన్ని గుండ్రం అనడానికి ఎంతో అభిమానం ఉండాలి. ఒకడు వీధిలోకి వెళ్లి వాళ్ల నాన్న ఆటో టైరు కొలుస్తున్నాడు. చుట్టుకొలతని వ్యాసంతో భాగించమన్నారు మాస్టారు. మూడు పాయింటు ఒకటి, మూడు పాయింటు రెండు అని వస్తున్నాయి. సాగే ఎలాస్టిక్‌తో కొలిచినవాడికి రెండున్నర వచ్చింది.

అప్పుడు పిట్టగోడ పిల్ల గొంతు వినబడింది.

"సార్, నేను నాయనమ్మ గాజు తెచ్చాను. దారం లోపలి అంచు వెంబడే పరవమంది, చెయ్యి దూరేది లోపలే కదా అని. ఏడూ ముప్పావు అంగుళాలు, వెంట్రుకవాసి ఎక్కువ. వ్యాసం కొలవక్కర్లేదంది సార్. గాజు సైజే రెండు ఎనిమిదంట."

మాస్టారు చకచకా భాగించారు. "ఏడు పాయింటు ఎనిమిది బై రెండు పాయింటు ఎనిమిది... రెండు పాయింటు ఏడు ఎనిమిది. తప్పమ్మా, దారం మళ్లీ కొలు."

"మూడుసార్లు కొలిచాను సార్. అంతే వచ్చింది."

పైకప్పు మూగబోయింది. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. తొమ్మిది సెకన్లు! ఆయనకి జవాబు తెలీదు కనక ఆగారు, అది నిజమే. అయినా ఆగారు. ఆ ఖాళీలో మైకులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. "గాజు అరిగిపోయిందేమో సార్." "నొక్కుకుపోయి కోడిగుడ్డులా అయిందేమో సార్." "రెండు ఎనిమిది అంటే అసలు రెండు పాయింటు ఎనిమిదేనా సార్?" ఈ మూడోది అడిగినవాడు జూన్ నుంచి నోరు తెరవలేదు. వాడి గొంతు మారిందని అప్పుడే తెలిసింది మాకు.

ఫోన్ తెరంతా ఒక ముక్కుపుడక నిండిపోయింది.

"మాస్టారూ, ఆ అబ్బాయి అన్నదే రైటు బాబూ. అంగుళాన్ని పదహారు వంతులు చేస్తారు. అందులో ఎనిమిది. అంటే రెండున్నర. రూపాయికి పదహారు అణాల్లాగా. నలభై ఏళ్లు గాజుల మలారం మోశాను, నాకు తెలీదూ?"

ఏడు పాయింటు ఎనిమిది బై రెండున్నర. మూడు పాయింటు ఒకటి రెండు. పిల్లలు కేకలు పెట్టారు. ఆర్యభటుడు 499లో, ఇరవై వేల వ్యాసానికి 62,832 చుట్టుకొలత అని చెప్పి, "ఆసన్నం" అని ఒక మాట చేర్చాడు. దగ్గర దగ్గర అని. వెంట్రుకవాసి అన్నప్పుడు ఆ ముసలావిడా అదే చేసిందని నాకనిపించింది గానీ, మధ్యలో దూరి చెప్పడానికి నాకు చోటెక్కడ? అప్పటికే నాయనమ్మ చుట్టూ క్లాసు మూగిపోయింది. రెండు నాలుగంటే ఎంత నాయనమ్మా? రెండుంపావు. రెండు ఆరంటే? మీరే కట్టండి. చిన్నపిల్లల గాజులకీ ఇదే లెక్కా? ఇదే.

"రెండు పదహారు గాజు ఉంటుందా నాయనమ్మా?"

"దాన్ని మూడంటారు నాయనా."

మధ్యలో కరెంటొచ్చింది. 26 స్లైడ్లు వాటంతటవే తెర మీదికొచ్చి, వృత్తం రంగులు మారుస్తూ తిరుగుతూనే ఉంది, ఎవరూ చూడలేదు. 40 నిమిషాలకి జూమ్ తలుపు మూసేసింది. మామూలుగా మళ్లీ లింకు పెడితే తొమ్మిదిమంది వచ్చేవారు. ఆవేళ 41 మంది వచ్చారు. నలభై రెండోవాడు ఇంకా టైరు దగ్గరే ఉన్నాడట.

మాస్టారు ఇక మారిపోతారనుకున్నాను. వారం తిరక్కుండా ఆయన 31 స్లైడ్లతో "గాజుల మెథడ్: యాన్ ఇంటరాక్టివ్ అప్రోచ్" అని టీచర్లకి వెబినార్ పెట్టారు. గాజు తిరుగుతుంది, రంగులు మారుతుంది. 50 నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడి "ఎనీ డౌట్స్?" అన్నారు. ఒక్క సెకను. "నో డౌట్స్, థాంక్యూ." మా అందరికీ బంగారు అంచు సర్టిఫికెట్లు వచ్చాయి. నా పేరులో ఒక అక్షరం ఎక్కువొచ్చింది. పెద్దమనసు చేసుకుని నాయనమ్మకి కూడా రిసోర్స్ పర్సన్ అని ఒకటి పంపారు.

సోమవారం హాజరు అయ్యాక పిట్టగోడ పిల్ల అన్‌మ్యూట్ చేసింది.

"సార్, నాయనమ్మ అడుగుతోంది, ఈ కాయితం ఎక్కడ మార్చుకోవాలని."

పైకప్పులోంచి జవాబు రాలేదు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దాటాక కూడా కాసేపు లెక్కపెట్టి, ట్యాంకు నిండి పొర్లుతుంటే మోటారు కట్టేయడానికి లేచాను.