హెస్టర్ స్ట్రీట్ తోపుడుబండి

నన్ను కొన్నవాడు ఏనాడూ నన్ను తొయ్యలేదు. నన్ను తోసినవాళ్ళలో ఎవరికీ నేను సొంతం కాలేదు. న్యూయార్క్ నగరంలో, మన్‌హాటన్ దిగువ కొసన, లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేటలో ఒక బండ్ల కొట్టానికి చెందిన అద్దె బండిని నేను. రెండు పెద్ద కర్ర చక్రాలు, వాటికి ఇనుప పట్టాలు, తొయ్యడానికి రెండు పిడులు, ఆగినప్పుడు ఒరిగిపోకుండా కాళ్ళు, పైన చుట్టూ అంచు కట్టిన పలక. నా ఒళ్ళంతా ఇంతే. గుర్రం లేదు, గాడిదా లేదు. మనిషే లాగాలి, మనిషే తొయ్యాలి.

నా అద్దె అప్పట్లో రోజుకు 10 సెంట్లు. తెల్లారకముందే కొట్టం దగ్గర జనం మూగేవారు. రష్యా, పోలండ్, రుమేనియాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన యూదులే ఎక్కువ. కొన్ని వీధులు దాటితే ఇటలీ వాళ్ళ పేట. వచ్చినవాడికి ఇంగ్లీషు రాదు. కుట్టు కార్ఖానాలో చేరదామంటే శనివారం కూడా రమ్మంటారు. వాళ్ళ మతంలో శనివారం పని ముట్టకూడదు. నా దగ్గరికి వస్తే ఆ చిక్కు లేదు. చేతిలో 10 సెంట్లు, అరువు సరుకు, గట్టి గొంతు ఉంటే ఆ పూటకు వాడూ వర్తకుడే. అయితే ఇంకో చిక్కు ఉండేది. శనివారం వాళ్ళ దేవుడు వద్దంటే, ఆదివారం ఆ రాష్ట్రపు చట్టం వద్దనేది. ఆదివారం అమ్మి పట్టుబడితే జరిమానా. వారానికి రెండు రోజులు కొట్టం గోడకు ఆనుకుని ఉండేంత తీరిక నాకు ఉండొచ్చు, పిల్లలున్నవాడికి ఎక్కడిది? అందుకే ఆదివారం కూడా నన్ను తీసేవారు, వీధి మొదట్లో ఒక కుర్రాణ్ణి కాపలా పెట్టి.

ఏం మోశావని అడిగితే, ఏం మొయ్యలేదో చెప్పడం తేలిక. పంది మాంసం మొయ్యలేదు. తక్కినవన్నీ మోశాను. ఇవాళ ఉల్లిపాయలైతే రేపు మేజోళ్ళు. ఆ మేజోళ్ళు కొన్న ఇల్లాలు వాసన చూసి ఏం తిట్టుకుందో నాకు తెలియదు. తగరపు గిన్నెలు, బొత్తాలు, దారపు కండెలు, ప్రార్థన పుస్తకాలు, పాటల కాగితాలు, పగిలిన గుడ్లు. పగిలిన గుడ్డుకు పగిలిన ధర. జేకబ్ రీస్ అనే పాత్రికేయుడు ఈ పేట మీద 1890లో పుస్తకం వేసేనాటికే హెస్టర్ స్ట్రీట్‌లో 35 సెంట్లకు కళ్ళజోళ్ళు దొరికేవి. నా కాలానికి అవి నా పలక మీదికీ ఎక్కాయి. ముసలాయన ఒక్కో జోడే పెట్టుకుని, జేబులోని పుస్తకం తీసి, అక్షరం కుదురుగా నిలిచేదాకా మార్చి మార్చి చూసేవాడు. కంటి పరీక్ష అదే, వైద్యుడూ ఆయనే.

చిల్లరగా కొనడమే ఆ పేట అలవాటు. పిసినారితనం కాదు. 1900 ప్రాంతంలో అక్కడ కొన్ని వాడల్లో ఎకరానికి 700 మందికి పైగా ఉండేవారు. ఇరుకు గదుల్లో సరుకు నిలవ పెట్టుకునే చోటేది? మంచుగడ్డ కొంటేనే పాలు విరగకుండా ఉండేవి. అందుకని ఒక క్యారెట్టు, రెండు ఉల్లిపాయలు, ఇవాళ్టి చారుకు ఇవాళే. పెద్ద దుకాణంవాడు ఒక్క క్యారెట్టు అడిగితే ఎగాదిగా చూస్తాడు. నన్ను తోసేవాడు మాత్రం ఆ ఒక్కదాన్నీ కోటు కొసతో తుడిచి మరీ ఇచ్చేవాడు.

నా బతుకులో పండగంటే గురువారం రాత్రి. శుక్రవారం పొద్దు గూకగానే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆ లోపు చేప, కోడి, రొట్టె, కొవ్వొత్తులు ఇంటికి చేరాలి. గురువారం సాయంత్రం నుంచి హెస్టర్ స్ట్రీట్‌లో బండికీ బండికీ మధ్య చెయ్యి దూరదు. బండికో దివిటీ మండుతుంటుంది. హెరింగు చేపల పీపాలు, ఊరబెట్టిన దోసకాయల పీపాలు మూత తీసి ఉంటాయి. ఒక మూల ఒకావిడ గుర్రపుముల్లంగి దుంప తురుముతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ, ఆ కళ్ళతోనే బేరం చేస్తుంటుంది.

"చేప తాజాదేనా?"

"ఏంటమ్మా ఆ మాట! పొద్దున నీళ్ళలో ఈదింది."

"ఏ పొద్దున?"

ఇక అక్కణ్ణుంచి మొదలు. ఆవిడ చేప మొప్ప ఎత్తి చూస్తుంది, ముక్కు చిట్లిస్తుంది, నాలుగడుగులు వేస్తుంది. వాడు వెనక్కి పిలుస్తాడు. ఆవిడకు తెలుసు పిలుస్తాడని, వాడికి తెలుసు వస్తుందని. బేరం ఆడని రోజు ఇద్దరికీ అన్నం సయించేది కాదు. ఆ ఆడవాళ్ళను తక్కువ అంచనా వెయ్యకండి. 1902 మే నెలలో కోషర్ మాంసం, అంటే వాళ్ళ మత నియమం ప్రకారం కోసిన మాంసం, పౌను 12 సెంట్ల నుంచి 18కి ఎక్కితే, వాళ్ళు కొనడం మానేసి ఊరుకోలేదు. దుకాణాల మీదపడి మాంసం వీధిలోకి విసిరారు, అరెస్టయ్యారు, మళ్ళీ వచ్చారు. చివరికి ధర దిగింది. అప్పటిదాకా వాళ్ళు నా ముందు ఆడిన బేరాలన్నీ ఆ యుద్ధానికి సాధకమే అని నా అనుమానం.

వినోదమంటే టిక్కెట్టు కొనేదే కాదు, వీధిలోనే బోలెడుండేది. ఇటలీ ఆయన బ్యారెల్ ఆర్గాన్ అనే పాటల పెట్టె తోసుకొచ్చి మరచెయ్యి తిప్పితే చాలు, ఎక్కడున్న ఆడపిల్లలైనా చేరి చేతులు పట్టుకుని గిరగిరా తిరిగేవారు. మగపిల్లలు నా పిడుల మీద ఊగేవారు. నన్ను తోసేవాడు తిట్టేవాడు, వాళ్ళు దిగేవారు, వాడు తల తిప్పగానే మళ్ళీ ఎక్కేవారు. పిల్లలకు ఆడుకునే చోటు కావాలని నగరానికి కాస్త ఆలస్యంగా తోచింది. ఇళ్ళు పడగొట్టి కట్టిన సువార్డ్ పార్కులో 1903లో ఆటస్థలం తెరిచారు. అయినా సగంమంది మా మధ్యనే ఆడేవారు. పార్కులో ఉల్లిపాయ దొరకదు కదా విసురుకోవడానికి!

ఆ 1903లోనే గ్రాండ్ స్ట్రీట్‌లో గ్రాండ్ థియేటర్ లేచింది, ఆ యూదుల భాష యిడ్డిష్‌లో ఆడే నాటకాల కోసమే. నటుడు జేకబ్ ఆడ్లర్ పేరు చెబితే పేట పేటంతా కదిలేది. జేకబ్ గార్డిన్ రాసిన యిడ్డిష్ కింగ్ లియర్‌లో, పిల్లలు కూడు పెట్టని తండ్రిగా ఆయన చెయ్యి చాపితే, ప్రేక్షకుల్లో ఒకాయన లేచి, "ఆ కూతుర్ని వదిలెయ్, మా ఇంటికి రా, మా ఆవిడ బాగా వండుతుంది" అన్నాడని చెప్పుకునేవారు. నేను లోపలికి వెళ్ళి చూసిందేమీ లేదు. ఆట వదిలే వేళకు గుమ్మం పక్కన ఉడికిన సెనగలతో నిలబడేదాన్ని. మీరు గుగ్గిళ్ళంటారే, అవే, ఉప్పూ మిరియాలూ చల్లి కాగితం పొట్లంలో. చలికాలమైతే తగరపు పొయ్యి మీద కాల్చిన చిలగడదుంపలు. ఏడ్చి వచ్చినవాళ్ళకు ఆకలెక్కువ. ఆడ్లర్ నటన ఎంత బాగుంటే నా పలక అంత తొందరగా ఖాళీ అయ్యేది. దాహమైతే మూల మీది మిఠాయి కొట్టులో రెండు సెంట్లకు గ్లాసుడు సోడా.

తరవాత బొమ్మల ఆటలొచ్చాయి. ఖాళీ దుకాణంలో కుర్చీలేసి, గోడకు తెర కట్టి, 5 సెంట్లకు కదిలే బొమ్మలు. నికెలోడియన్లు అనేవారు. ఇంగ్లీషు రాకపోయినా అర్థమయ్యే ఆట అది. దొంగ పరిగెడితే దొంగే, ఏ భాషలోనైనా. తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుని వెళ్ళేవారు. 1908 డిసెంబరు 24న మేయర్ జార్జ్ మెక్లెలన్ నగరంలోని వాటన్నిటి లైసెన్సులూ ఒక్క దెబ్బకు రద్దు చేశాడు, అగ్ని ప్రమాదమనీ, నీతికి చేటనీ. యజమానులు కోర్టుకెక్కి కొద్ది రోజుల్లోనే తలుపులు తెరిపించారు. ఆ నాలుగు రోజులూ నా గుగ్గిళ్ళు చల్లారిపోయాయి. పరుల తలుపు మూస్తే నా పొయ్యి ఆరుతుందని మేయరుకు ఎవరు చెబుతారు?

మరుసటి ఏడు నా పలక మీద కొత్త సెంటు మోగింది, అబ్రహాం లింకన్ ముఖంతో. దాన్ని చెక్కిన విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ 1890లో లిథువేనియా నుంచి న్యూయార్క్ వచ్చిన యూదుడు. అడుగున వేసిన ఆయన పేరులోని మూడు అక్షరాలు మరీ కొట్టొచ్చినట్టున్నాయని కొద్ది రోజులకే తీసేశారు. మావాళ్ళు మాత్రం ఆ సెంటు తిరగేసి, "మనవాడే" అనుకునేవారు.

ఇక చట్టం. బండి ఒకేచోట అరగంటకు మించి ఆగకూడదని ఉండేది. అక్కడ బండ్లకు బండ్లు అతుక్కుని ఉంటే కదిలేదెటు? కాబట్టి రోజూ అందరూ నేరస్థులే. బీటు మీద వచ్చే పోలీసాయన ఆపిల్ ఒకటి తీసుకుని కొరుక్కుంటూ పోతే ఆ అరగంట సాగి పూట అయ్యేది. ఆపిల్ నచ్చకపోతే లాఠీ ఊరుకునేది కాదు, నా చక్రాల ఆకుల్లో దూరేది. బండ్ల గొడవ తేల్చమని మేయర్ ఒక సంఘం వేస్తే, అది 1906లో నివేదిక ఇచ్చింది. దారికి అడ్డమన్నారు, అది నిజమే. కానీ కుళ్ళు సరుకు అమ్ముతారన్న అపవాదు మాత్రం నిలవలేదు. ఆ ముక్క పత్రికలవాళ్ళు పెద్ద అక్షరాల్లో వేసినట్టు నాకు గుర్తు లేదు.

నేను దారికి అడ్డమే, ఒప్పుకుంటాను. చెత్తా పడేది. కానీ ఆ దారి ఎవరిది? గది చాలనివాడికి వీధే వసారా, అంగడి, నాటకశాల. దాన్ని ఖాళీ చేస్తే బాగుంటుందని అనుకున్నవాళ్ళు అక్కడ సెంటుకు క్యారెట్టు కొనుక్కోవలసిన అవసరం లేనివాళ్ళు.

ఫియోరెల్లో లా గార్డియా 1934లో మేయరయ్యాడు. తండ్రి ఇటలీవాడు, తల్లి యూదురాలు, యిడ్డిష్ గడగడా మాట్లాడేవాడు. మావాడొచ్చాడని పేట మురిసింది. ఆయన 1936లో బ్యారెల్ ఆర్గాన్‌వాళ్ళ లైసెన్సులు ఆపేశాడు. అదే ఏడు హార్లెమ్‌లో పార్క్ ఎవెన్యూ మీద కప్పున్న మార్కెట్ తెరిచి, బండ్లవాళ్ళను వర్తకుల్ని చేస్తున్నానని గర్వపడ్డాడు. పైగా 1939లో నగరానికి ప్రపంచ ప్రదర్శన వస్తోంది, వచ్చేవాళ్ళ కంట మేము పడకూడదు. మా పేటకు ఎసెక్స్ స్ట్రీట్ మార్కెట్ 1940 జనవరిలో వచ్చింది. నీళ్ళ కుళాయి, దీపం, వానకు కప్పు, అన్నీ బాగానే ఉన్నాయి. తెల్లకోటు వేసుకోవాలి, అరవకూడదు. అరవడమే విద్యగా బతికినవాడు తెల్లకోటు వేసుకుని మూగగా నిలబడి ఏం అమ్ముతాడు? పైగా బండ్లవాళ్ళందరికీ లోపల చోటు లేదు. చోటు దొరకనివాళ్ళు ఏమయ్యారో లెక్క రాసినవాళ్ళు లేరు.

ఎసెక్స్ మార్కెట్ 2019లో డెలాన్సీ స్ట్రీట్ దాటి కొత్త భవనంలోకి మారింది, ఇప్పటికీ నడుస్తోంది. మీ వీధిలోకి తోపుడుబండి వస్తే బేరమాడండి, తప్పులేదు, ఆడకపోతే వాడికీ తోచదు. కానీ అడ్డమని ఫిర్యాదు చేసే ముందు వాణ్ణి ఓ అరగంట నిలబడనివ్వండి.